కొలరాడోలో మొదటిసారి విల్లుతో ఎల్క్ వేట: సెప్టెంబరులో ఏ వారం మంచిది?

అరోరా_విలుకాడు | జూన్ 8, 2025

అందరికీ నమస్కారం. ఊరు హనుమకొండ, ఉండేది డెన్వర్ పక్కన అరోరాలో. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచినప్పుడు ఇంట్లో టీవీ ముందు గంతులు వేసిన వారిలో నేనొకడిని. ఆ నెలలోనే కప్పీలుండే కాంపౌండ్ విల్లు కొన్నాను. ఇప్పుడు నలభై గజాల దూరంలో పళ్లెం పెడితే తప్పకుండా కొడతాను. ఈ వసంతంలో వేట శిక్షణ పూర్తి చేసి కార్డు తీసుకున్నాను. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వారెవరికైనా ఇక్కడ అది తప్పనిసరి.

నాది హెచ్‌1బి వీసా. మనలాంటి వారు తుపాకీ పట్టాలంటే సమాఖ్య చట్టంలో బోలెడు మెలికలున్నాయి. విల్లుకు ఆ బాధ లేదు. అందుకే విల్లు.

అసలు ప్రశ్న ఇది. విల్లు సీజను సెప్టెంబరు 2 నుండి 30 దాకా. నాకు దొరికేది తొమ్మిది రోజుల సెలవు, వారాంతాలతో కలిపి. మొదటి వారం వెళ్లనా, మధ్యలోనా, చివరనా? చివరి వారమే ఎల్క్ (లేడి జాతిలో పెద్ద జంతువు) జత కోసం బాగా కూస్తాయని అందరూ అంటున్నారు. కానీ ఈసారి 22వ తేదీ నుండి దేవీ నవరాత్రులు. అమ్మ ఫోనులో తేల్చి చెప్పేసింది: "ఇంట్లో నీసు ముట్టని తొమ్మిది రోజుల్లో నువ్వు అడవిలో జీవిని చంపుతావా?" ఆవిడకు ఏ జవాబు చెప్పాలో కూడా సలహా ఇవ్వగలరు.

---

డాలస్_రామం | జూన్ 8, 2025

మీరు కొలరాడో నివాసి కాబట్టి ఏ వారం అని ఆలోచించే అదృష్టం ఉంది. బయటి రాష్ట్రాల వారికి నిరుటిదాకా ఐ-25 రహదారికి పడమటి వైపు విల్లు లైసెన్సు దుకాణంలోనే దొరికేది. ఈ ఏడాది నుండి ఆ సౌకర్యం తీసేశారు, ఇక లాటరీయే గతి. గడువు ఏప్రిల్ 1. ఆ రోజు నేను ఆఫీసులో ఏదో నివేదిక తయారు చేస్తూ కూర్చున్నాను. ఆ నివేదిక ఇప్పటిదాకా ఎవరూ తెరిచి చూడలేదు.

పైగా బయటివారికి రుసుము మీరు కట్టేదానికి పది రెట్లు పైనే. కాబట్టి అన్నా, ఏ వారమైనా సరే, వెళ్లండి.

---

మంచుకొండ_మూర్తి | జూన్ 9, 2025

నేను మొదటి వారం పక్షం. అందరూ చివరి వారం అంటారు కాబట్టి కాదు, పదకొండేళ్లలో నాకు దొరికిన మూడింటిలో రెండు సెప్టెంబరు 8 లోపల దొరికినవే కాబట్టి.

ఆగస్టులో మగ ఎల్క్ కొమ్ముల మీది నూగు చర్మం రాలిపోతుంది. సెప్టెంబరు మొదటికి ఇంకా కొట్లాటలు ముదరవు, ఆడవాటిని గుంపు కట్టి తోలుకుపోవడం మొదలవదు. మగవి తిండి, నీరు, నీడ చుట్టూ ఒక క్రమంలో తిరుగుతాయి. ఎండగా ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం కూడా బురద గుంటల్లో పొర్లడానికి వస్తాయి. మన గేదెల్లాగే అనుకోండి, కాకపోతే మూడు వందల కిలోల గేదె, తల మీద చెట్టుతో. అలాంటి గుంట ఒకటి కనిపెట్టి, గాలి చూసుకుని, ఇరవై అయిదు గజాల దూరంలో చెట్టు చాటున కూర్చుంటే చాలు. కూత వేయడం రానివాడికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఇంకొక సంగతి: అప్పటికి వాటిని ఇంకా ఎవరూ బెదరగొట్టి ఉండరు. చివరి వారానికి ప్రతి లోయలోనూ ఎవడో ఒకడు మూడు వారాలుగా ఎల్క్ కూతను అనుకరించే ప్లాస్టిక్ గొట్టం ఊదుతూ ఉంటాడు. అవి ఆ గొట్టం వినగానే పక్క కొండకు వెళ్లిపోతాయి.

నవరాత్రుల సమస్య కూడా ఉండదు.

---

సంధ్య_ఫోర్ట్‌కాలిన్స్ | జూన్ 9, 2025

మూర్తి గారు చెప్పినవన్నీ నిజమే. చెప్పనిది ఒకటుంది: ఎండ.

నేను పశువైద్యం చదివాను, మా ఆయన వేటాడతారు. నాలుగేళ్ల కిందట సెప్టెంబరు 4 సాయంత్రం ఆయన బాణం తగిలింది, కానీ కాస్త వెనగ్గా తగిలింది. అలా తగిలినప్పుడు గంటలకొద్దీ ఆగాలి. వెంటనే వెంబడిస్తే గాయపడిన జంతువు మైళ్ల దూరం పోతుంది. ఆగారు. పొద్దున వెళ్లేసరికి దొరికింది, అయితే రాత్రంతా చలి పడలేదు. ఎల్క్ చర్మం కంబళి లాంటిది. ప్రాణం పోయినా లోపలి వేడి పోదు. తొడ ఎముక చుట్టూ ఉన్న మాంసం పులిసిపోయింది. మిగిలింది మోసుకొచ్చాము, పోయింది తలచుకుని ఆయన ఆ శీతాకాలమంతా దిగులుగానే ఉన్నారు.

మొదటిసారి వెళ్లేవారికి చేతులు వణుకుతాయి, కోయడం ఆలస్యమవుతుంది, మొయ్యడం ఇంకా ఆలస్యమవుతుంది. పెద్ద మగది అయితే ఎముకలు తీసేశాక కూడా రెండు వందల పౌండ్ల మాంసం ఉంటుంది. ఒక్కరే మోయాలంటే మూడు నాలుగు సార్లు తిరగాలి. రాత్రి నీరు గడ్డకట్టే చలి ఉంటే ఆ ఆలస్యాన్ని చలి క్షమిస్తుంది. ఎండ క్షమించదు. అందుకే మీరు మొదటి వారం వెళ్తే సాయంత్రం చివరి వెలుగులో బాణం వేయకండి. చర్మం వెంటనే వలిచి, గుడ్డ సంచుల్లో కట్టి, వాగు పక్కన నీడలో వేలాడదీయడానికి తాడు దగ్గరుంచుకోండి.

---

గౌతమి_తీరం | జూన్ 10, 2025

రాజమహేంద్రవరం నుండి చదువుతున్నాను. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కుందేలును కొట్టినా జైలే. అక్కడికి వెళ్లిన మనవాళ్లు లైసెన్సు కొని మరీ లేడి జాతిని చంపడం నాకు మింగుడు పడటం లేదు. కొట్లాటకు రాలేదు. నిజంగా అడుగుతున్నాను: దుకాణంలో మాంసం దొరకదా?

---

పాతకాపు | జూన్ 10, 2025

అడగవలసిన ప్రశ్నే అడిగారు. నేనూ మన్యం అంచున పెరిగినవాడినే. మా ఇంటికి వచ్చే కొండరెడ్ల తాత దగ్గర విల్లు ఉండేది, నాకు తాకనిచ్చేవాడు కాదు.

ఇక్కడి కథ వేరు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అదుపులేని వేటతో కొలరాడోలో ఎల్క్ దాదాపు అంతరించి కొన్ని వందలకు పడిపోయాయి. వయోమింగ్ నుండి రైలులో తెచ్చి వదిలారు. ఇప్పుడు రెండున్నర లక్షలకు పైనే ఉన్నాయి, ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. వన్యప్రాణుల శాఖ ఖర్చులో పెద్ద వాటా మేము కొనే లైసెన్సులదే. విల్లు, బాణం కొన్నా ధరలో సమాఖ్య పన్ను ఉంటుంది, అది అడవి జంతువులకే వెళ్తుంది. తినదగిన మాంసం వదిలేసి వస్తే అది నేరం. దీనితో మీకు మింగుడు పడుతుందని అనను. మా ఆవిడకు ఇరవై ఏళ్లుగా పడలేదు. వండుతుంది, తినదు.

ఇక విలుకాడు తమ్ముడి ప్రశ్నకు రేపు తీరిగ్గా రాస్తాను.

---

పాతకాపు | జూన్ 11, 2025

తమ్ముడూ, ముందు ఒక అపోహ తీసేద్దాం. "చలి పడితేనే ఎదకు వస్తాయి, ఈసారి వేడిగా ఉంది కాబట్టి ఆలస్యం" అని ప్రతి సెప్టెంబరులోనూ ఎవరో ఒకరు చెబుతారు. ఆడ ఎల్క్ ఎదకు వచ్చేది పగటి పొడవు తగ్గడాన్ని బట్టి. సూర్యుడు సెలవు పెట్టడు కదా. కాబట్టి ఏడాదికీ ఏడాదికీ తేదీ పెద్దగా మారదు. చూలు దాదాపు 250 రోజులు. దూడలు ఎక్కువగా జూన్ మొదటి రోజుల్లో పుడతాయి. జూన్ 1 నుండి 250 రోజులు వెనక్కి లెక్కపెట్టు: సెప్టెంబరు 24 వస్తుంది. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుకు అటూ ఇటూ. వాతావరణం మార్చేది తేదీని కాదు, అవి పగలు తిరుగుతాయా, రాత్రి తిరుగుతాయా అన్నదాన్ని. వేడిగా ఉంటే ఆ హడావిడంతా చీకట్లో చేసుకుని, తెల్లవారేసరికి ఉత్తరపు వాలులో దట్టమైన నీడలోకి పోతాయి.

అయితే చివరి వారమే మంచిదా? అక్కడే చిక్కుంది. 24న అడవి మొత్తం కూతలతో మారుమోగుతుంది, నిజం. కానీ ఆ కూసే పెద్ద మగది అప్పటికే పదీ పదిహేను ఆడవాటిని కూడగట్టుకుని ఉంటుంది. నువ్వు ఎంత బాగా కూసినా అది పోట్లాటకు రాదు, తన మందను తోలుకుని అవతలి కొండ ఎక్కుతుంది. కాపాడుకోవలసింది ఉన్నవాడు తగాదాకు దిగడు. పైగా ఆ మందలో ప్రతి ఆడదానికీ రెండు కళ్లు, ఒక ముక్కు. నువ్వు ఒక్క మగదాన్ని మోసగించాలనుకుంటావు, ముప్పై కళ్లు నిన్ను చూస్తుంటాయి.

దానికి వారం, పది రోజుల ముందు సంగతి వేరు. కొన్ని ఆడవి మాత్రమే ఎదకు వస్తుంటాయి, మగవి ఇంకా వెతుకులాటలో ఉంటాయి. ఆడదాని పిలుపు మెల్లగా వినిపిస్తే "ఎవరో ఒంటరిగా ఉన్నట్టుంది" అని చూడటానికి వస్తాయి. సెప్టెంబరు 12 నుండి 20, నా లెక్కలో మొదటిసారి వచ్చేవాడికి ఇదే అదను. మూర్తి గారు చెప్పిన గుంటలు ఇంకా పూర్తిగా పనికిరాకుండా పోవు, సంధ్య గారు చెప్పిన చలి రాత్రుళ్లు మొదలవుతాయి, కూతలూ వినిపిస్తాయి. అన్నీ సగం సగమే. కానీ ఒక్కదాని మీదే ఆధారపడనక్కరలేదు.

ఈ ఏడాది చంద్రుడు కూడా నీ వైపే. 7న భాద్రపద పౌర్ణమి, ఆ చుట్టుపక్కల రాత్రంతా వెన్నెల్లో మేసి పగలు పడుకుంటాయని చాలామంది వాదిస్తారు. నేను అంత గట్టిగా నమ్మను. నమ్మినా నమ్మకపోయినా 21న మహాలయ అమావాస్య, దానికి ముందు వారం రాత్రుళ్లు చీకటి. అమావాస్య నాటికి ఇంటికి వచ్చేస్తే అమ్మకు జవాబు చెప్పవలసిన పనీ లేదు.

---

డాలస్_రామం | జూన్ 11, 2025

పంచాంగం చూసి వేట ముహూర్తం పెట్టడం ఇదే మొదటిసారి చూస్తున్నాను. రాహుకాలం కూడా చెప్పేయండి.

---

మంచుకొండ_మూర్తి | జూన్ 12, 2025

> సెప్టెంబరు 12 నుండి 20, నా లెక్కలో మొదటిసారి వచ్చేవాడికి ఇదే అదను.

కాపు గారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. 13 నుండి 21 దాకా మందుగుండు దట్టించే పాతరకం తుపాకుల సీజను ఉందని మరిచారా? మీ తొమ్మిది రోజుల్లో ఎనిమిది దానితోనే కలిసిపోయాయి! ఒక్క పేలుడు వినిపిస్తే ఆ లోయలో కూతలు బంద్. మొదటిసారి వెళ్లే మనిషిని తుపాకుల మధ్యకు పంపుతారా?

---

పాతకాపు | జూన్ 12, 2025

మరవలేదు. ఆ లైసెన్సులన్నీ లాటరీలో పరిమితంగా ఇచ్చేవే, దుకాణంలో అమ్మేవి కావు. అక్టోబరు, నవంబరు రైఫిల్ గుంపులతో పోలిస్తే అది గుంపే కాదు. రోడ్డుకు రెండు మైళ్ల లోపల ఉంటారు ఎక్కువమంది. ఆ వారంలో నేను మాత్రం నడిచేటప్పుడు నారింజ టోపీ పెట్టుకుంటాను, మాంసం మోసేటప్పుడు సంచికి నారింజ గుడ్డ కడతాను. ఎల్క్‌కు ఆ రంగు మనకు కనిపించినట్టు కనిపించదు. తుపాకీ పట్టుకున్నవాడికి కనిపిస్తుంది. నాకు అదే కావాలి.

బెదిరిన ఎల్క్ ఎక్కడికి పోతాయో తెలిసినవాడికి ఆ వారం మంచిదే అని కూడా అంటాను. కానీ అది తమ్ముడికి ఇంకా తెలియదు కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

---

సంధ్య_ఫోర్ట్‌కాలిన్స్ | జూన్ 13, 2025

వారం గురించి ఇంత వాదన జరుగుతోంది కానీ, విలుకాడు గారూ, ఆ చోటికి వేసవిలో వెళ్లి చూశారా? మీరు ఉండే అరోరా అయిదున్నర వేల అడుగుల ఎత్తు. సెప్టెంబరులో ఎల్క్ ఉండేది తొమ్మిది నుండి పదకొండు వేల అడుగుల మధ్య. జూలై, ఆగస్టుల్లో ఒక్కో వారాంతం అక్కడే గుడారంలో పడుకోండి. ఒంటికి అలవాటవుతుంది, వాటి దారులూ తెలుస్తాయి. మధ్యాహ్నం పన్నెండుకల్లా చెట్లున్న చోటికి దిగిపోండి, ఆ నెలల్లో కొండ కొమ్ముల మీద పిడుగుల ప్రమాదం ఎక్కువ.

ఇంకో మాట. మీకు కావలసింది కొమ్ములా, మాంసమా? లైసెన్సు మగదానికీ ఆడదానికీ రెండింటికీ చెల్లేదైతే ఆడదాన్ని వదలకండి. చాలా యూనిట్లలో (వేట కోసం విడగొట్టిన ప్రాంతాల్లో) మగదానికి ఒక కొమ్ముకు కనీసం నాలుగు మొనలు ఉండాలి, లేదా నుదుటి మీది మొన అయిదంగుళాలు ఉండాలి. ఆడదానికి ఏ లెక్కా లేదు, మాంసమూ మెత్తన.

---

అరోరా_విలుకాడు | జూన్ 15, 2025

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక సందేహం: అందరూ "గాలి చూసుకుని" అంటున్నారు. అంటే ఏమి చూడాలి? ఫోనులో గాలి దిశ చూపిస్తుంది కదా?

---

పాతకాపు | జూన్ 15, 2025

ఫోను చూపించేది ఊరి గాలి. కొండకు తన గాలి తనది. తెల్లవారుజామున చల్లని గాలి బరువుగా లోయలోకి జారుతుంది. ఎండ తగలగానే, తొమ్మిది పది గంటల ప్రాంతంలో, వేడెక్కి వాలు వెంట పైకి ఎక్కుతుంది. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి. ఆ మారే అరగంట ఉంది చూడు, అప్పుడే అందరూ దొరికిపోతారు. అప్పటిదాకా నీ ముఖం మీద వీచిన గాలి మెడ వెనక తగులుతుంది. అంతే, నీ వేట అయిపోయినట్టే. ఎల్క్ కంటిని మోసగించవచ్చు, చెవిని మోసగించవచ్చు, ముక్కును మోసగించినవాడిని నేను చూడలేదు. చిన్న సీసాలో టాల్కం పొడి పోసుకుని, పది అడుగులకోసారి చల్లి చూడు.

కూత నేర్చుకోవాలనుకుంటే వేటకు వెళ్లేదాకా ఆగకు, కానీ వీడియోలు కూడా నమ్మకు. సెప్టెంబరు మొదటి వారాల్లో ఒక సాయంత్రం ఇంటిల్లిపాదినీ ఎస్టెస్ పార్క్ తీసుకెళ్లు. రాకీ మౌంటెన్ జాతీయ ఉద్యానంలో వేట ఉండదు కాబట్టి అవి భయపడవు. మొరెయిన్ పార్క్ పచ్చిక పక్కన రోడ్డు మీద నిలబడి వినవచ్చు. సాయంత్రం అయిదు దాటాక పచ్చికలోకి మాత్రం దిగకూడదు. అంత పెద్ద జంతువు నోట పిల్లనగ్రోవి లాంటి శబ్దం వస్తుందని వినేదాకా ఎవరూ నమ్మరు. మన అడవుల్లోని పెద్ద దుప్పి, కణుజు, దాని అరుపు విన్నవాళ్లు అసలే నమ్మరు.

---

గౌతమి_తీరం | జూన్ 16, 2025

ఇంకా మింగుడు పడలేదు. కానీ చదవడం ఆపలేకపోతున్నాను. ఆ కూత ఎవరైనా రికార్డు చేసి పెట్టండి.

---

అరోరా_విలుకాడు | ఆగస్టు 10, 2025

సెలవు మంజూరైంది. సెప్టెంబరు 13 నుండి 21. లైసెన్సు కొన్నాను, జేబులో ఉంది, రోజుకు రెండుసార్లు తీసి చూసుకుంటున్నాను. జూలైలో రెండుసార్లు ఆ కొండకు వెళ్లాను. మొదటిసారి తలనొప్పితో రాత్రంతా నిద్ర లేదు. రెండోసారి పదివేల అడుగుల దగ్గర ఒక బురద గుంట, చుట్టూ వెంట్రుకలు, డెక్కల గుర్తులు. చోటు మాత్రం చెప్పను, ఎవరూ ఏమీ అనుకోకండి.

---

మంచుకొండ_మూర్తి | ఆగస్టు 10, 2025

చెబితేనే అనుకునేవాళ్లం.

---

అరోరా_విలుకాడు | సెప్టెంబరు 23, 2025

ఇంటికి వచ్చాను. ముందే చెబుతున్నాను, ఖాళీ చేతులతో.

మొదటి మూడు రోజులు ఒక్క కూత కూడా లేదు. గుంట దగ్గర కూర్చుంటే ఉడతలు నా మీద అరిచాయి. మూర్తి గారు అన్నట్టు రెండో రోజు ఎక్కడో దూరంగా రెండు పేలుళ్లు వినిపించాయి. నాలుగో రాత్రి సన్నగా మంచు పడింది, తెల్లారి నాలుగున్నరకు గుడారంలో పడుకుని ఉండగానే కూత వినిపించింది. బూట్లకు తాళ్లు కట్టుకోవడం కూడా రాలేదు నాకు.

అయిదో రోజు ఒక చిన్న మగది ఇరవై రెండు గజాల దగ్గరకు నడుచుకుంటూ వచ్చింది. కొమ్ములు రెండు కర్రల్లా ఉన్నాయి, ఒక్కో దానికి ఒక్కటే మొన. చట్టానికి లెక్కలోకి రాదు. విల్లు సగం లాగి ఆపేశాను. అది నన్ను చూసి, గడ్డి తిని, మళ్లీ చూసి వెళ్లిపోయింది. ఆ రెండు నిమిషాలు ఎంతసేపో చెప్పలేను.

ఏడో రోజు, 19న, అసలుది. కాపు గారు చెప్పినట్టు ఆడదాని పిలుపు రెండుసార్లు, మెల్లగా, తర్వాత ఇరవై నిమిషాలు నోరు మూసుకున్నాను. కింది నుండి జవాబు వచ్చింది. చెట్ల మధ్య కొమ్ములు ముందు కనిపించాయి, ఆరు మొనలవి, తర్వాత ఆవిరి, తర్వాత అది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో యాభై ఎనిమిది గజాలు. నేను ముప్పై అయిదు దాటితే వేయనని ఒట్టు పెట్టుకున్నాను. యాభై, నలభై ఆరు. ఇంకొక్క చెట్టు దాటితే చాలు. ఆగింది. తల ఎత్తింది. ఒక్క దూకులో లేదు.

20న కాళ్లు లేవలేదు. 21 మధ్యాహ్నానికి ఇంటికి చేరాను. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. ఇక్కడ తంగేడు దొరకదు. మా వీధి చివర రాబిట్‌బ్రష్ అనే పసుపు పూల పొద విరగపూసి ఉంటే, అదే బట్టలతో దిగి నాలుగు కొమ్మలు కోసుకెళ్లాను. మా ఆవిడ వాటిని బతుకమ్మలో అడుగు వరుసగా పేర్చింది. అచ్చం తంగేడులాగే ఉందని వీడియోలో చూసి అమ్మ అంది. వేట సంగతి అడగలేదు.

---

పాతకాపు | సెప్టెంబరు 23, 2025

ఏడో రోజు ఎన్ని గంటలకు?

---

అరోరా_విలుకాడు | సెప్టెంబరు 23, 2025

తొమ్మిదీ పది. ఎండ అప్పుడే చెట్ల మధ్యకు దిగింది.

---

పాతకాపు | సెప్టెంబరు 23, 2025

మెడ వెనకా?

---

అరోరా_విలుకాడు | సెప్టెంబరు 23, 2025

మెడ వెనకే.

---

డాలస్_రామం | సెప్టెంబరు 24, 2025

వచ్చే ఏప్రిల్ లాటరీ గడువు తేదీ ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించాను. మా ఆవిడ అది పన్నుల గడువు అనుకుంటోంది. లైసెన్సు వస్తే మాత్రం విలుకాడు గారూ, ఆ గుంట ఎక్కడో నాకొక్కడికి చెప్పాలి.